చేదు పలుకును ఉమ్మేస్తాం సరే, చేదు లేని విషం మాటేమిటి?

వేయించిన వేరుశనగ పలుకులు గుప్పెడు నోట్లో వేసుకుంటాం. నాలుగు నమిలేసరికి ఒకటి చేదుగా తగులుతుంది. ముఖం చిట్లించి ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించి, మళ్లీ గిన్నెలో చెయ్యి పెడతాం. కోలారులో శెనక్కాయలు అన్నా, సోలాపూర్‌లో పల్లీలు అన్నా, బరంపురంలో వేరుశనగ గుళ్లు అన్నా ఈ చేదు ఎరగని తెలుగు ఇల్లు ఉండదు.

నిజానికి ఆ చేదు మనకు మేలే చేస్తుంది. ఈ గింజ చెడిపోయింది, మింగవద్దు అని ముందే చెబుతుంది. చిక్కంతా మరోచోట ఉంది. గింజలో పెరిగే ఒక రకం బూజు వదిలే విషానికి రుచి లేదు, వాసన లేదు, కంటికి కనిపించే రంగూ లేదు. చేదు తగలని పలుకులో కూడా అది ఉండవచ్చు. ఎండలు ముదిరి, వానలు వేళ తప్పుతున్న ఈ రోజుల్లో ఆ విషం మన తిండిలోకి చేరే దారులు ఎక్కువవుతున్నాయి. అదేమిటి, ఎందుకు పెరుగుతోంది, మన చేతిలో ఉన్నదెంత అనేవి ఒక్కొక్కటిగా చూద్దాం.

బూజు వేరు, విషం వేరు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. కూపీ లాగితే బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. ఆ చెక్కను దాణాలో కలిపారు. అందులో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు పెరిగి, ఒక విషాన్ని వదిలింది. ఆ బూజు పేరు నుంచే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి బూజు విషాలు ఇంకా ఉన్నాయి. మొక్కజొన్న, జొన్నల్లో ఫ్యుమోనిసిన్, ధాన్యాల్లోనూ కాఫీ గింజల్లోనూ ఆక్రటాక్సిన్ కనిపిస్తాయి. అన్నింటిలోకీ ప్రమాదకరమైనది అఫ్లటాక్సినే.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బూజు ప్రాణమున్న జీవి. విషం అది తయారు చేసి వదిలిన రసాయనం. ఎండలో పోస్తే బూజు చావచ్చు, తుడిస్తే పోవచ్చు. కానీ గింజలోకి ఇంకిన విషం అక్కడే ఉంటుంది. దాన్ని పూర్తిగా విరగ్గొట్టాలంటే దాదాపు 240 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మన అన్నం 100 డిగ్రీల దగ్గర ఉడుకుతుంది. బూరెలు వేగే నూనె కూడా 180 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. వేయించడం, కుక్కర్‌లో ఉడికించడం వల్ల విషం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. 'ఉడికిస్తే అన్నీ పోతాయి' అనే మన ధైర్యం క్రిముల విషయంలో సరైనదే. ఈ విషం విషయంలో అది పనికిరాదు.

వాన వేళ తప్పిన ఏడాది

ఇది ఎక్కడో కోళ్లకు వచ్చిన కష్టమని తీసిపారేయడానికి లేదు. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ ప్రాంతాల్లో గిరిజన కుటుంబాలకు ఉన్నట్టుండి కామెర్లు మొదలయ్యాయి. పొట్టలో నీరు చేరింది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మంచం పట్టారు. వాళ్లతో పాటు అదే తిండి తిన్న ఊరి కుక్కలు కూడా చనిపోయాయి. మొత్తం 397 మంది జబ్బు పడితే 106 మంది ప్రాణాలు కోల్పోయారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి కారణం వెతికారు. ఆ కుటుంబాల ప్రధాన ఆహారం మొక్కజొన్న. కోతల వేళ అకాల వానలు పడి కంకులు తడిశాయి. సరిగా ఆరకుండానే వాటిని ఇంట్లో నిల్వ చేశారు. ఆ గింజల్లో దొరికిన అఫ్లటాక్సిన్ నేటి మన దేశపు పరిమితితో పోలిస్తే 400 రెట్ల నుంచి 1000 రెట్ల దాకా ఉంది. పండిందే అది. వేరే కొనుక్కునే స్తోమత లేదు. బూజు పట్టిందని తెలిసినా తినక తప్పలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత, 2004లో, ఆఫ్రికాలోని కెన్యాలో ఇదే కథ మళ్లీ జరిగింది. అక్కడా మొక్కజొన్నే, అక్కడా తడిగింజల నిల్వే. 317 మంది జబ్బు పడ్డారు, 125 మంది చనిపోయారు. మనకు ఇంకా దగ్గరగా, 1995లో దక్కన్ పీఠభూమి పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు దొరికిన విషం ఫ్యుమోనిసిన్. దాన్ని తేల్చింది కూడా హైదరాబాద్ సంస్థ వాళ్లే.

ఈ సంఘటనల్లో తడిసిన గింజ, అది తప్ప వేరే తిండి లేని ఇల్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇప్పుడు మారుతున్న వాతావరణం తడిసిన గింజలను పెంచుతోంది.

ఎండ పొలంలో, వాన కల్లంలో

బూజు అనగానే మనకు తేమే గుర్తొస్తుంది. అఫ్లటాక్సిన్ సంగతి కొంచెం వేరు. దాని పని చాలాసార్లు పొలంలోనే, అదీ కరవులోనే మొదలవుతుంది.

వేరుశనగ కాయ భూమి లోపల ఊరుతుంది. కోతకు ముందు చివరి మూడు నాలుగు వారాల్లో వాన మొహం చాటేస్తే నేల వేడెక్కుతుంది. నీరందని మొక్క తనను తాను కాపాడుకునే రసాయనాలను తయారు చేసుకోలేదు. కాయ పెచ్చు బీటలిస్తుంది. పురుగులు, చెదలు తొలుస్తాయి. అదే వేడిలో మట్టిలోని చాలా సూక్ష్మజీవులు నీరసిస్తే, ఈ పసుపుపచ్చ బూజుకు మాత్రం 30 డిగ్రీల పైచిలుకు వేడి హాయిగా ఉంటుంది. బీటల్లోంచి లోపలికి దూరుతుంది. కాయ పీకేనాటికే గింజలో విషం చేరి ఉంటుంది. అనంతపురాన్ని ఆనుకుని ఉన్న పావగడ, చళ్లకెరె ఎర్రనేలల్లో వానాధారంగా వేరుశనగ వేసే మన రైతులకు ఈ చివరి వారాల ఎండ కొత్తదేమీ కాదు. అది తరచూ వస్తుండటమే కొత్త.

రెండో దెబ్బ కోత వేళ తగులుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అందుకే వాన పడినప్పుడు ఒక్కసారిగా కుమ్మరించి పోవడం ఎక్కువైంది. అది కల్లంలో పంట ఉన్నప్పుడు పడితే రైతు చేయగలిగింది తక్కువ. ఒడిశా వైపు గంజాం, గజపతి జిల్లాల్లోని తెలుగువారికి 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లు గుర్తుండే ఉంటాయి. రెండూ అక్టోబరులోనే, పంట చేతికొచ్చే ముందే విరుచుకుపడ్డాయి. మహారాష్ట్రలో 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వడగళ్ల వానలు కోతకొచ్చిన జొన్నను నేలకరిపించాయి. 2022 జులైలో గోదావరి పొంగి యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. ఇంటిలోకి నీరు వచ్చిందంటే బియ్యం డబ్బా దాకా తేమ వచ్చినట్టే. వీటిలో ప్రతి ఒక్కటీ వాతావరణ మార్పు వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కానీ ఇలాంటివి వచ్చినప్పుడల్లా బూజుకు పండగే.

మూడో దెబ్బ నిల్వలో. రాత్రిళ్లు కూడా ఉక్కగా ఉంటే గోదాముల్లో, ఇళ్లలో గింజ తేమను పీల్చుకుంటుంది. మన దేశంలో 1901 నుంచి లెక్కలు ఉన్నంతవరకు 2024 అత్యంత వేడి సంవత్సరమని వాతావరణ శాఖ ప్రకటించింది. పాత రోజుల్లో లెక్క పెట్టుకున్న 'నాలుగు ఎండలు కాస్తే చాలు' అన్న అంచనా, మధ్యలో ఒక జల్లు పడితే తలకిందులవుతుంది.

చల్లని దేశాలకూ పాకింది

ఇది వేడి దేశాల బాధ అని యూరప్ చాలాకాలం నిశ్చింతగా ఉంది. 2003లో మండు వేసవి వచ్చినప్పుడు ఉత్తర ఇటలీ మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ బయటపడింది. 2012లో సెర్బియాలో తీవ్రమైన కరవు. ఆ ఏడాది మొక్కజొన్నను పశువులకు మేపితే 2013 మొదట్లో పాలలో విషం తేలింది. పాలు పారబోయలేక అక్కడి ప్రభుత్వం పాలలో అనుమతించే పరిమితినే పది రెట్లు పెంచింది. అలా పెంచిన పరిమితి, మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పరిమితి ఒకటే. ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పెరిగితే యూరప్ మొక్కజొన్న పొలాల్లో ఈ ముప్పు స్పష్టంగా పెరుగుతుందని 2016లో ఇటలీ శాస్త్రవేత్తలు ముందుండి చేసిన అధ్యయనం అంచనా వేసింది.

ఒంట్లో ఏం చేస్తుంది

ఒకేసారి ఎక్కువ మోతాదు లోపలికి పోతే 1974లో జరిగినట్టు కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అది అరుదు. మనలాంటి ఇళ్లలో ఎక్కువగా జరిగేది రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి పోవడం. ఆ రోజు ఏమీ తెలియదు, కడుపునొప్పి కూడా రాదు. కాలేయం ఈ విషాన్ని విరగ్గొట్టబోయి మరింత చురుకైన రసాయనంగా మారుస్తుంది. అది కణాల్లోని జన్యుపదార్థానికి అతుక్కుని మార్పులు తెస్తుంది. ఏళ్లు గడిచాక కాలేయ క్యాన్సర్‌గా తేలవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లటాక్సిన్‌ను మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది.

హెపటైటిస్ బి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఆ వైరస్ ఒంట్లో ఉన్నవారికి, లేనివారికంటే ఈ విషం వల్ల కాలేయ క్యాన్సర్ వచ్చే అవకాశం 30 రెట్ల దాకా ఉంటుందని లెక్క. అందుకే పుట్టిన బిడ్డకు వేసే హెపటైటిస్ బి టీకా ఈ బూజు విషం నుంచి కూడా సగం రక్షణ లాంటిది. ప్రభుత్వ టీకాల్లో అది ఉచితం. పెద్దవాళ్లలో ఎప్పుడూ పరీక్ష చేయించుకోని వారు ఒకసారి చేయించుకుంటే మంచిది.

చిన్నపిల్లల విషయం వేరే చెప్పాలి. ఒళ్లు చిన్నది, తిండిలో రకాలు తక్కువ. బూజు విషం ఎక్కువగా చేరిన పిల్లల్లో ఎదుగుదల మందగించడం, రోగనిరోధక శక్తి తగ్గడం ఆఫ్రికాలో చేసిన పరిశీలనల్లో కనిపించాయి. పిల్లలకు పెట్టే ఉగ్గులో, పొడుల్లో వేరుశనగ, మొక్కజొన్న వేసే తల్లులు అందుకే ఒకటికి రెండుసార్లు ఏరుకోవాలి.

పాలలోకి తిరిగొచ్చే దారి

'మనం తినలేం, గేదెకు పెడదాం' అనుకునే అలవాటు మన అందరిదీ. బూజు పట్టిన రొట్టె, పుచ్చిన పలుకులు, నల్లబడ్డ మొక్కజొన్న చొప్ప అన్నీ పశువు తొట్టిలోకే వెళ్తాయి. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క కూడా అంతే. గింజలో ఉన్న విషంలో ఎక్కువ భాగం నూనెలోకి దిగదు, చెక్కలోనే మిగిలిపోతుంది. పశువు దాన్ని తిన్నాక కొంత భాగం ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. మొదటి విషమంత బలం లేకపోయినా ఇదీ హానికరమే. పాలు కాచినా పోదు, ప్యాకెట్ పాలను వేడిచేసి శుద్ధి చేసినా పోదు, పెరుగులోనూ ఉంటుంది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. ప్రాణాంతకమైన కల్తీ 12 నమూనాల్లో దొరికితే, అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితి దాటినవి 368 తేలాయి. అంటే వందకు దాదాపు ఆరు. వాటిలో అత్యధికం తమిళనాడువే: 551 నమూనాల్లో 88. పాలలో నీళ్లు, యూరియా కలిపారేమోనని మనం పడే భయంలో పదోవంతు కూడా పశువు ఏం తిన్నదన్న దానిమీద పడం.

మంచివి అమ్మకానికి, మిగిలినవి ఎవరికి?

మన దేశపు చట్టం ప్రకారం ధాన్యాలు, పప్పులు, వేరుశనగలో కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి అఫ్లటాక్సిన్ ఉండరాదు. అంటే వెయ్యి టన్నుల పలుకుల్లో 15 గ్రాములు. నేరుగా తినే పలుకులకు 10, మసాలా దినుసులకు 30, పాలకు 0.5 మైక్రోగ్రాములు. యూరప్ పరిమితులు ఇంతకంటే చాలా కఠినం. అక్కడికి పంపే సరుకును యంత్రాలతో రంగు చూసి ఏరతారు, ప్రయోగశాలలో పరీక్షిస్తారు.

మరి ఏరి తీసేసిన గింజలు ఎక్కడికి వెళ్తున్నాయి? ముక్కలు, ముడతలు, రంగు మారినవి తక్కువ ధరకు మన బజారుకే వస్తాయి. పొడి కొట్టేస్తే గుర్తుపట్టే వీలుండదు. రైతు ఇంట్లోనూ అదే వరస: బొద్దుగా ఉన్నవి మార్కెట్టుకు, తాలూ పుచ్చూ ఇంటి చట్నీకి. పొదుపు అనుకుని చేసే ఈ పనే పేదింటికి పెద్ద ముప్పు. పైగా రోజూ ఒకే గింజ మీద బతికే ఇంటికి విషం మోతాదు ఎక్కువ. రకరకాలు తినగలిగిన ఇంటికి తక్కువ.

మన చేతిలో ఉన్నది

భయపడి వేరుశనగ మానేయాల్సిన పని లేదు. తక్కువ ఖర్చుతో అంత మాంసకృత్తులు, కొవ్వు ఇచ్చే గింజ మరొకటి అంత సులువుగా దొరకదు. మనకు కలిసొచ్చేది ఏమిటంటే, ఈ విషం అన్ని గింజల్లో సమానంగా పరుచుకోదు. కొద్ది గింజల్లోనే కుప్పగా ఉంటుంది. ఆ కొద్దింటిని తీసేస్తే చాలావరకు తీసేసినట్టే. అందుకే అవ్వల కాలం నాటి చేట, ఏరడం ఇప్పటికీ గొప్ప మందు.

కొనేటప్పుడు: పొడి కొనేకంటే గింజలు కొనుక్కుని ఇంట్లోనే పొడి చేసుకోండి. సోలాపూర్ శేంగా చట్నీ అయినా, మన పల్లీకారం అయినా అంతే. ముక్కల పలుకులు చవకగా వచ్చినా వద్దు. నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

ఏరేటప్పుడు: ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, మొలకెత్తినవి, పురుగు తొలిచినవి తీసేయండి. వేయించి, పొట్టు నలిపి చెరిగాక పప్పుబద్దలు విడదీస్తే లోపల రంగు మారినవి బయటపడతాయి. అవీ తీసేయాలి. చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి.

ఆరబెట్టేటప్పుడు: నేల మీద కాకుండా పట్టా మీద పోయండి. సాయంత్రం మంచు దిగకముందే కప్పేయండి. వేరుశనగ కాయ ఊపితే లోపల గింజ గలగలలాడాలి. వేరుశనగలో తేమ 8 శాతానికి, జొన్న, మొక్కజొన్నల్లో 12, 13 శాతానికి దిగాలి. వడ్లు, మొక్కజొన్నలకు ఉప్పు పరీక్ష ఉంది. పొడి గాజుసీసాలో మూడోవంతు గింజలు పోసి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, నిమిషం పాటు కుదిపి, పావుగంట ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది, ఇంకా ఆరాలి.

నిల్వలో: బస్తాలను నేలకూ గోడకూ తగలకుండా చెక్కబల్లల మీద పెట్టండి. పాత గింజల మీద కొత్తవి పోయకండి. వాన వెలిసిన రోజు డబ్బాలు తెరిచి చూసుకోండి. వరదనీరు తగిలిన ధాన్యాన్ని ఎండబెట్టి తినే ఆలోచన మానుకోవడం మేలు.

నూనె, దాణా: గానుగకు పలుకులు ఇచ్చేవాళ్లు ముందు ఏరి ఇవ్వండి. బూజు పట్టిన చెక్క, గడ్డి పాడిపశువుకు పెట్టకండి. పాలు పోయించుకునే చోట పశువుకు ఏం పెడుతున్నారో అడగడం తప్పేమీ కాదు.

పళ్లెంలో: ఒకే గింజ రోజూ కాకుండా మారుస్తూ ఉండండి. రాగులు, మన ఉత్తరాంధ్ర, ఒడిశా తెలుగువారి మాటలో చోళ్లు, ఎక్కువకాలం చెడకుండా నిలిచే ధాన్యమని పేరు.

ఇక పొలంలో చేయాల్సినవి ఉన్నాయి. చివరి వారాల్లో ఒక తడి ఇవ్వగలిగితే వేరుశనగలో విషం బాగా తగ్గుతుంది. కాయ ముదిరాక ఆలస్యం చేయకుండా పీకాలి. ఆఫ్రికాలో విషం వదలని రకం ఆస్పర్‌జిల్లస్‌ను పొలంలో చల్లి, విషం వదిలే రకాన్ని గెంటేస్తున్నారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో విషాన్ని పసిగట్టే పరీక్షలు తయారు చేసింది. ఇవి మండీ దాకా, పాల కేంద్రం దాకా రావడం ప్రభుత్వాల పని. రావాలని అడగడం మన పని.

అప్పటిదాకా చేటలో తీసేసిన ఆ గుప్పెడు పుచ్చు పలుకులను ఏం చేస్తున్నామో ఒకసారి చూసుకుందాం. గేదెకు పెడితే పాలలో మన ఇంటికే తిరిగొస్తాయి. పనిమనిషికి ఇస్తే ఆమె పిల్లల పళ్లెంలోకి వెళ్తాయి. వాటి చోటు చెత్తబుట్టే.